రెండు సిరంజిలు

ఆపరేషన్ గదిలో పెద్ద సిస్టరుకు చాదస్తపు మనిషి అని పేరు. నెత్తురు ఆపే ఘాటు మందును ఆమె స్టీలు గిన్నెలోనే ఉంచేది, చచ్చినా సిరంజిలోకి ఎక్కించనిచ్చేది కాదు. అందులో తడిపిన దూదిని చెవిలో రెండు నిమిషాలు అదిమితే నెత్తురు ఆగుతుంది. అదే మందు పొరపాటున సూదితో ఒంట్లోకి వెళ్తే గుండె ఆగినా ఆగుతుంది. సూదికి వాడేది దాన్నే బాగా పలచన చేసి, తిమ్మిరి మందు కలిపినది. చూపుకు రెండూ మంచినీళ్లే. ఈ పాఠం ఎంతగా నూరిపోసిందంటే, కొత్త నర్సులు ఆమె వెనకాల ఆమె గొంతుతోనే అప్పజెప్పి నవ్వుకునేవారు.

ఆ రోజు బల్ల మీద మత్తులో ఉన్నది ఓ బస్సు డ్రైవరు. కర్ణభేరికి చిల్లు పడింది, దానికి అతుకు వేయాలి. మైక్రోస్కోపు కింద ఒక్క చుక్క నెత్తురు చేరినా ఇంకేమీ కనపడదు. ఇతనికేమో ఊరుతూనే ఉంది. డాక్టరు దూది మీద దూది అడుగుతుంటే తీరిక చిక్కక, పెద్ద సిస్టరు ఘాటు మందును సిరంజిలోకి లాగి దూది మీద చుక్కలు వేసింది. అంతలో నెత్తురు పీల్చే గొట్టం మూసుకుపోయిందన్నాడు డాక్టరు. సిరంజిని ట్రేలో, పలచటి మందున్న సిరంజి పక్కనే పడేసి అటు తిరిగింది.

"చెవి వెనక ఇంకాస్త ఇంజెక్షన్ ఇద్దాం," అంటూ డాక్టరు తలెత్తకుండానే చెయ్యి చాపాడు.

ట్రేలో రెండు సిరంజిలు. ఒకటే సైజు, రెంటిలోనూ సగం సగం మందు. పెద్ద సిస్టరు రెంటినీ మార్చి మార్చి చూసింది. కుడివైపుదే పలచటిదని మనసు చెబుతోంది. ఆ మనసే ఇందాక గిన్నె మానేసి సిరంజి పట్టించింది.

"ఏది ఏదో తెలియట్లేదు సార్. రెండూ పారేస్తున్నా. దూది అదిమి పట్టుకోండి, కొత్తది కలుపుతాను."

"ఘాటుది సిరంజిలోకి ఎవరు ఎక్కించారు?"

"నేనే."

పక్కనున్న కొత్త నర్సు తల దించుకుంది. పెద్ద సిస్టరు మళ్లీ మందు కలిపి, చీటీ అంటించి, పైకి చదివి మరీ అందించింది. కాసేపటికి నెత్తురు ఆగింది, అతుకు కుదిరింది.

బయట డ్రైవరు భార్య ఎదురొచ్చింది. "గంటన్నారు, గంటన్నర దాటింది. ఏమన్నా అయిందా అమ్మా?"

నెత్తురు ఎక్కువ వచ్చిందంటే సరిపోయేది. అది అబద్ధమూ కాదు. కానీ లోపల నిజం ఒప్పుకుని బయట దాచడానికి పెద్ద సిస్టరుకు మనసు రాలేదు.

"ఆయన బాగానే ఉన్నారు. నెత్తురు ఎక్కువ రావడం వల్ల కొంత, నా వల్ల కొంత ఆలస్యమైంది. మందుల దగ్గర పొరపాటు చేశాను. ఆయనకు ఎక్కకముందే చూసుకుని పారేశాను."

"చెప్పారు, మంచిదేనమ్మా," అంది డ్రైవరు భార్య. "రెండో చెవికి కూడా చేయాలన్నారు. ఆ రోజు ఇంకెవరినైనా ఉండమనండి."

ఆ మాటకు పెద్ద సిస్టరు మనసు కలుక్కుమంది. అయినా తప్పు పట్టలేకపోయింది.

"అలాగేనమ్మా," అంది. "డాక్టరు గారికి నేనే చెబుతాను."