మోత

పై వాటాలో ఒక్కడే ఉండే ఆ పెద్దమనిషి తన స్పోర్ట్స్ కారుకి కొత్త ఎగ్జాస్ట్ పెట్టించుకుంటుంటే మెకానిక్ ముందే చెప్పాడు. "సార్, ఇది మామూలు మోత కాదు. వీధి వీధంతా మీ మీదికొస్తుంది."

"రానీవయ్యా," అన్నాడాయన.

ఆ సాయంత్రం కారు వీధిలోని కిటికీలన్నీ అదరగొడుతూ ఇల్లు చేరింది. ఆయన మెట్లెక్కి చెప్పులు విడిచాడో లేదో, కింది వాటా ఆవిడ వచ్చి తలుపు దబదబా బాదింది.

"బుద్ధుందా మీకు? మా అమ్మ ఉలిక్కిపడి లేచి కూర్చుంది!" అంటూ చెడామడా తిట్టిపోసింది.

ఆ తలుపు ఎవరైనా తట్టి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తులేదు. ఆ తిట్లన్నీ కడుపునిండా తిని, "లోపలికి రండి, కాఫీ పెడతాను," అన్నాడు. ఆవిడ విసవిసా దిగిపోయింది.

మర్నాడు సాయంత్రం ఆయన రెండు కప్పులు కడిగి బల్ల మీద పెట్టి, కిందికి దిగి, వెళ్లే పనేమీ లేకపోయినా కారు స్టార్ట్ చేశాడు.