సామ్రాజ్యం పాడని పాట

నేను ఒక గుమ్మెటను. బుర్రకథలో వంతలు వాయించే మట్టి వాయిద్యాన్ని. కుండగా పుట్టి ఉంటే ఏ ఇంట్లోనో కడుపునిండా నీళ్ళు పోయించుకుని చల్లగా కూర్చునేదాన్ని. కుమ్మరి నాకు రెండు వైపులా నోళ్ళు పెట్టాడు, ఒక నోటికి మేకతోలు బిగించారు, ఇక దెబ్బలే నా బతుకు. మొదట ఒక ముసలి వంత చంకలో ఉన్నాను. ఆయన పోయాక కోడలు సామ్రాజ్యం చేతికి వచ్చాను.

ఆమె భర్త దానయ్య కథకుడు. తంబుర పట్టి మధ్యలో నిలబడేవాడు. ఒక పక్క తమ్ముడు పేరయ్య, ఇంకో పక్క సామ్రాజ్యం. ఆయన చరణం అందుకుంటే వీళ్ళిద్దరూ తందాన అనాలి. అది కథలో పద్ధతి. మా ఖర్మ కొద్దీ ఆ పద్ధతి ఇంట్లోకీ వచ్చేసింది. కథకు ముందు తోలు బిగియాలని నన్ను పొయ్యి దగ్గర కాచేవాళ్ళు. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో ముగ్గురూ అక్కడే కూర్చుని ఆలోచించేవాళ్ళు. ఆలోచించడమంటే దానయ్య చెప్పడం, మిగతా ఇద్దరూ తలాడించడం. అందరం కలిసి అనుకున్నామని ఆయన ఊరంతా చెప్పుకునేవాడు, పాపం, నిజంగానే నమ్మి.

రానురాను జనం పల్చబడ్డారు. యుద్ధం కథలో వీరుడు నేలకొరిగే లోపలే సగంమంది లేచిపోతున్నారు. ఈసారీ ఇంతే అయితే ఇక పిలిచేది లేదని తిరునాళ్ళ పెద్దలు తేల్చి చెప్పారు. ఆ తిరునాళ్ళు పోతే దళం పోయినట్టే.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర సామ్రాజ్యం మొదటిసారి నోరు విప్పింది.

"మావా, వాడు పడిపోయాక కథ ఆపొద్దు. తల్లి వస్తది. శవాల మధ్యన కొడుకుని ఎతుక్కుంటా తిరుగుద్ది. ఆ ముక్క నేను పాడతా. అంతసేపూ మీరిద్దరూ నాకు వంత పాడండి."

అని, నా మీద మెల్లగా వేళ్ళాడిస్తూ రెండు చరణాలు అంది. అయ్యో, ఏమని చెప్పను! నేను మట్టిదాన్ని, అయినా నాకు ఏడుపొచ్చింది. పేరయ్య పొయ్యిలో పుల్ల ఎగదోయబోయి అలాగే ఉండిపోయాడు.

దానయ్య మూడో చరణం దాకా ఆగలేదు. "కథకుడు వంత పాడితే జనం నవ్వుతారే. గుమ్మెట కాగిందేమో చూడు," అన్నాడు. కోపంగా కూడా కాదు, మామూలుగానే. ఆమె నన్ను తట్టి చూసింది. కాగాను.

తిరునాళ్ళలో పాత కథే చెప్పారు. జనం ఎప్పటిలాగే లేచిపోయారు. పెద్దలు అన్నంత పనీ చేశారు. పేరయ్య ఆటో కొనుక్కున్నాడు. సామ్రాజ్యం మిరపకాయల తొడిమలు తీసే పనికి కుదిరింది. నన్ను అటకెక్కించారు. ఏళ్ళు గడిచాయి.

ఈమధ్య దానయ్యకు ఏం తోచిందో, నన్ను దించి, దుమ్ము తుడిచి, పొయ్యి దగ్గర కాచాడు. భార్యకు ఇవ్వలేదు, తన ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

"ఆ తల్లి పాట పాడవే. నేను వంత పాడతా," అన్నాడు.

సామ్రాజ్యం గొంతు సవరించుకుంది. పెదాలు కదిలాయి. చాలాసేపు వెతుక్కుంది.

"రావట్లేదు మావా. అప్పుడు గుండెలనిండా ఉండేది. యాడికి పోయిందో."

ఆయన ఇప్పటికీ పొద్దు వాలగానే నన్ను ఒళ్ళో పెట్టుకుని ఆమె వంక చూస్తూ కూర్చుంటాడు. ఆ రెండు చరణాలూ నాకు గుర్తున్నాయి, రెండు నోళ్ళుండీ ఆమెకు అందించడానికి మాట లేదు. మూడోది నాకూ వినాలని ఉంది.