పెదవులు కదిపిన ఏడాది

"మీరెంత అదృష్టవంతులండీ అమ్మగారూ! అలాంటి మగాడు ఎవరికి దొరుకుతాడు చెప్పండి?" అంది సంఘ కార్యదర్శి భార్య, ఖాళీ గ్లాసుల పళ్లెం తెచ్చి గట్టు మీద పెడుతూ.

పాస్టరుగారి భార్య తల ఎత్తలేదు. చేతులు సబ్బు నీళ్లలోనే ఉన్నాయి. ప్రభు బల్ల ఉన్న ప్రతి ఆదివారం, ఆరాధన అయ్యాక, అందరికీ ద్రాక్షరసం ఇచ్చిన ఆ బొటనవేలంత గ్లాసులన్నీ గుడి వెనక గదిలో కడిగేది ఆమే. కాపురానికొచ్చిన కొత్తల్లోనే అత్తగారు చెప్పింది. "పాస్టరు పెళ్లామంటే జీతం లేని పాస్టరేనే తల్లీ. కాకపోతే మైకు ఇవ్వరు." నవ్వుతూనే అంది, కోడలికీ నవ్వొచ్చింది. కొత్త కదా, అన్నిటికీ నవ్వొచ్చేది. ఆ తర్వాత ఆస్పత్రిలో ఉన్నవాళ్లకి క్యారియర్లూ, ఆడవాళ్ల కూడికలూ, మొగుడూ పెళ్లాల తగువులూ, చెప్పకుండా దిగే చుట్టాలూ, ఆయన తెల్ల చొక్కాలకి గంజీ, అన్నీ ఆమె నెత్తినే పడ్డాయి. సాయంత్రం కూరలు తరుగుతూ ఎవరింట్లో ఏం బాధుందో ఆయనకి చెప్పేది. ఆదివారానికి అది ప్రసంగమైపోయేది. పోనీలే, నలుగురికి పనికొస్తోంది కదా అనుకునేది.

"ఏడాదంతా అయ్యగారు ఎలా ఓర్చుకున్నారో పాపం! నాకు కళ్లమ్మట నీళ్లాగలేదు." కార్యదర్శి భార్య ఇంకా కదల్లేదు. గొంతు తగ్గించింది. "ఇప్పుడు బాగానే ప్రార్థన చేసుకుంటున్నారా అమ్మగారూ?"

జాలి ఉంది ఆ అడగడంలో. సాయంత్రానికి వీధి వీధంతా పంచిపెట్టబోయే జాలి.

"పళ్లెం పెట్టేశావుగా, ఇంకా నిలబడ్డావేం? పో, అక్కడ పెద్దాళ్లు టీ కోసం నోళ్లు తెరుచుకుని కూర్చున్నారు," అని పెద్దమ్మ గదమాయించింది. పెద్దమ్మ గుడి ఊడ్చే ముసలావిడ. పాస్టరుగారి నుంచి పసిపిల్లల దాకా అందరికీ పెద్దమ్మే. కార్యదర్శి భార్య మూతి ముడుచుకుని వెళ్లిపోయింది. పెద్దమ్మ మరో మాట అడగకుండా గ్లాసులు తుడవడం మొదలుపెట్టింది.

ఈ వేళ ప్రసంగం మంచి కాపరికి ఉండాల్సిన గుణాల మీద. చుట్టుపక్కల సంఘాలన్నిటికీ పెద్దగా ఒక పాస్టరుని ఎంచాలని అధ్యక్షులవారు ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. పాస్టరుగారు చాలా బాగా చెప్పాడు, కాదనడానికి లేదు. కాపరికి ఓర్పుండాలన్నాడు. ఎదుటివాడి మాట వినే చెవి ఉండాలన్నాడు. విన్నది కడుపులో దాచుకోవాలన్నాడు. ఇల్లు చక్కబెట్టుకోలేనివాడు సంఘాన్నేం చక్కబెడతాడన్నాడు. ఆమె తలూపుతూ వింది. సగం మాటలు తను అన్నవే. అప్పుడాయన కాస్త ఆగి, జేబురుమాలు తీసి, "అంత దూరం ఎందుకు? నా ఇంట్లోనే ఒక గొర్రె తప్పిపోయింది," అన్నాడు.

ఊపిరి లేకుండా పుట్టిన బిడ్డ సంగతి అందరికీ తెలిసిందే. తెలియనిది ఆ తర్వాతి ఏడాది. ఆ ఏడాదంతా ఆమె నోట ప్రార్థన రాలేదు. కళ్లు మూసుకుంటే దేవుడు కనబడేవాడు కాదు, గుడ్డలో చుట్టిన ఆ చిన్న మొహం కనబడేది. అది భర్తకి ఒక్కడికే చెప్పుకుంది. ఎవరితోనూ అనొద్దని చేతులు పట్టుకుంటే, "పిచ్చిదానా, నీ మాట నా నోట వస్తుందా?" అన్నాడాయన. ఆమె నమ్మింది. ఆ వెంటనే ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. "అలాగని గుడిలో బొమ్మలా నిలబడకు. అందరి కళ్లూ నీ మీదే ఉంటాయి. పెదవులైనా కదుపు." అని బ్యాగు భుజాన వేసుకుని, ఊరూరా జరిగే ఉజ్జీవ కూటాల్లో ప్రసంగాలు చెప్పడానికి వెళ్లిపోయాడు. ఆమె పెదవులు కదిపింది. పాటకీ కదిపింది, ఆమెన్‌కీ కదిపింది.

ఈ వేళ ఆ కథలో కూటాలు లేవు. ఆయన రాత్రింబవళ్లు మోకరించాడట, ఆమె గడ్డం పట్టుకుని బతిమాలాడట, చివరికి భుజాల మీద మోసుకొచ్చాడట. జనం కళ్లు తుడుచుకున్నారు. అధ్యక్షులవారు కళ్లద్దాలు తీశారు. ఆమె మాత్రం మెడ తిప్పకుండా కూర్చుంది, వందమంది ముందు ఒంటి మీద బట్ట లాగేసినట్టు.

నిజంగా వచ్చింది పెద్దమ్మ. వచ్చి వంటింట్లో చతికిలపడి, "ఏడువమ్మా. తిట్టాలనుంటే దేవుణ్ణే తిట్టు, ఆయన వింటాడులే," అనేది. ఒక ఆదివారం ఇదే తొట్టి దగ్గర, గ్లాసులు కడుగుతుంటే, ఆమె గొంతులోంచి పాట తనంతట తనే వచ్చింది. పెద్దమ్మ విని, విననట్టే తుడుచుకుంటూ కూర్చుంది.

"ఇంకా ఇక్కడే ఉన్నావా?" పాస్టరుగారు గుమ్మంలోంచి తొంగిచూశాడు. మొహం వెలిగిపోతోంది. "చీర మార్చుకో, తడిసిపోయింది. నిన్ను పిలుస్తున్నారు."

ఎందుకో ఆమెకి తెలుసు. ఆ సంఘాల్లో ఎవరికైనా పెద్ద పదవి ఇచ్చే ముందు భార్యని నిలబెట్టి ఒక్క ప్రశ్న అడుగుతారు: మీ ఆయన ఇంటిని బాగా కాచుకున్నాడా? ఇంతవరకూ ఏ ఆడదీ "అవునండీ" తప్ప ఇంకో మాట అనలేదు.

"ఆ మాట ఎందుకు చెప్పారండీ?"

"ఏ మాట? ఓ, అదా! నిన్నేం తప్పు పట్టలేదుగా. చూశావుగా ఎంతమంది కదిలిపోయారో! నీ బాధ వృథా పోలేదనుకో."

"నన్నొక మాట అడగొచ్చుగా?"

"అడిగితే ఒప్పుకునేదానివా?" అన్నాడాయన, ముచ్చటగా నవ్వుతూ.

ఆమె చేతులు తుడుచుకుంది. చీర మార్చుకోలేదు. తడి కుచ్చిళ్లతోనే లోపలికి వెళ్లి, ముందుకొచ్చి నిలబడింది. జనమంతా ఆమెనే ప్రేమగా చూస్తున్నారు, జబ్బు చేసి లేచిన మనిషిని చూసినట్టు.

"చెప్పండమ్మా," అన్నారు అధ్యక్షులవారు. "మీ ఆయన తన ఇంటిని బాగా కాచుకున్నాడా?"

ఆమె భర్త వైపు చూసింది. ఆయన చప్పుడు లేకుండా పెదవులు కదిపి చూపించాడు: అవునండీ.

"నేనెక్కడికీ తప్పిపోలేదండీ," అంది ఆమె. మైకు లేకపోయినా వెనక బెంచీల దాకా వినిపించింది. "ఆ ఏడాదంతా వంటింట్లోనే ఉన్నాను. ఈయన వెతకడానికి రాలేదు."