తోడికోడళ్ళ వేట

పెద్దకోడలు కాలు విరగ్గొట్టుకుని రెండు నెలలు మంచాన పడి ఉండకపోతే, ఆ ఇంట్లోకి మృగాలు వచ్చేవే కావు.

ఆమె కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. షాపు వెనక గదిలో మెషిన్ ముందు కూర్చుని, ఫ్రేముకు సరిపోయేలా అద్దాల అంచులు అరగదీయడం ఆమె పని. ఒక వానరోజు షాపు మెట్ల మీద జారిపడింది. పొద్దస్తమానం గోడలు చూస్తూ పడుకున్న వదినను చూసి జాలిపడి, మరిది తన గేమ్ పెట్టె తెచ్చి ఆమె మంచం ఎదురుగా ఉన్న టీవీకి తగిలించాడు. అది మృగాల్ని వేటాడే ఆట. కొండల్లో, అడవుల్లో ఇల్లంతేసి మృగాలు తిరుగుతుంటాయి. కత్తో సుత్తో పట్టుకుని వాటిని వెతికి చంపాలి. చంపినదాని తోలుతో, ఎముకలతో కవచం చేసుకుని, దానికన్నా పెద్దదాని మీదికి వెళ్ళాలి.

"ఇది నావల్ల కాలేదు వదినా. నీకేమైనా లొంగుతుందేమో చూడు" అని కంట్రోలర్ ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

మొదటి వారమంతా ఆమె చస్తూనే ఉంది. మందులివ్వడానికి వచ్చిన అత్తగారు గుమ్మంలో నిలబడి చూసేది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని చూసింది. ఆ తర్వాత "వెనకాల! నీ వెనకాలే ఉంది, చూసి చావు!" అని అరవడం మొదలుపెట్టింది. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆ అత్తాకోడళ్ళ మధ్య ఉప్పుందా, పప్పుందా అన్న మాటలే తప్ప ఇంకో మాట నడవలేదు. అలాంటిది ఇప్పుడు ఇద్దరూ ఒకే మృగాన్ని కలిసి తిట్టుకుంటున్నారు.

నల్లకొమ్ము అనే మృగం దగ్గర పెద్దకోడలి బండి ఆగిపోయింది. దాని చేతిలో నలభై ఒక్కసార్లు చచ్చింది. లెక్క అత్తగారే పెట్టింది, క్యాలెండర్ వెనక గీతలు గీసి. నలభై రెండోసారి అది కూలినప్పుడు అత్తాకోడళ్ళు పెట్టిన కేకకు, దొంగలు పడ్డారనుకుని పక్కింటావిడ కర్ర పట్టుకుని వచ్చింది. కాలు నయమయ్యాక కూడా ఆదివారం మధ్యాహ్నాలు వేటకే కేటాయించారు. "మా పెద్దది వేటగత్తె" అని అత్తగారు కనిపించినవాళ్ళందరికీ చెప్పుకునేది. ఆ మాట విన్నప్పుడల్లా పెద్దకోడలు నేలకు జానెడు ఎత్తున నడిచేది.

నాలుగేళ్ళు అలా గడిచాక మరిదికి పెళ్ళయింది. చిన్నకోడలు పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం చేసేది. డాక్టరు సూది వేస్తుంటే జంతువు కదలకుండా పట్టుకోవడం ఆమె పని. చేతుల నిండా పిల్లిగోళ్ళ గీతలు. మాట తక్కువ మనిషి. ఆదివారాలు అందరూ టీవీ ముందు చేరితే ఆమె వెనక నిలబడి చూసేది.

"నువ్వూ ఒకసారి పట్టుకో చిన్నమ్మాయ్" అంది అత్తగారు ఒకరోజు.

"నాకేం వచ్చు అత్తయ్యా!"

"నేర్పుతాలే, రా" అంది పెద్దకోడలు ఎంతో ఉదారంగా. ఏ బటన్ కొడితే కత్తి లేస్తుందో, ఏ బటన్ కొడితే పక్కకు తప్పుకోవచ్చో చూపించింది. తను మొదటిసారి ఎలా చచ్చిందో తలుచుకుని లోలోపల నవ్వుకుంది కూడా.

మొదటి మృగం పొదల్లోంచి వచ్చింది. చిన్నకోడలు కొట్టలేదు. దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"కొట్టవేం? చొక్కా కుట్టడానికి కొలతలు తీసుకుంటున్నావా?" అంది పెద్దకోడలు. మరిది పకపకా నవ్వాడు.

మృగం ఎగిరి మీద పడబోయింది. చిన్నకోడలు ఒక్క అడుగు పక్కకు వేసి, దాని డొక్కలో పొడిచింది. మళ్ళీ ఒక్క అడుగు, మళ్ళీ ఒక్క పోటు. మూడు నిమిషాల్లో మృగం నేలమీద ఉంది. ఆమెకు ఒక్క గీత కూడా పడలేదు.

"అయిపోయిందా? ఇంతేనా అక్కా?" అంది చిన్నకోడలు నిజంగానే ఆశ్చర్యపోతూ. "చాలా తేలిగ్గా ఉందే!"

"ఎలా కొట్టావ్?" అన్నాడు ఆమె భర్త.

"కరిచే కుక్క ముందు మెడ బిగిస్తుంది. తన్నే ఆవు బరువంతా రెండో కాలి మీదికి తోస్తుంది. ఇదీ అంతే. చెయ్యబోయేదేదో ముందే చెప్పేస్తోంది, పాపం."

ఆ 'పాపం' అన్న మాట పెద్దకోడలికి ముల్లులా దిగింది. తనను వారం రోజులు చంపిన జంతువు మీద ఈ పిల్ల జాలిపడుతోంది!

"మొదటివన్నీ ఇలాగే ఉంటాయిలే. ముందుంది ముసళ్ళ పండగ" అని కంట్రోలర్ వెనక్కి తీసుకుంది.

ముసళ్ళు రాలేదు. తర్వాతి ఆదివారం చిన్నకోడలు మూడు మృగాల్ని చంపింది. ఆ తర్వాతి వారం నాలుగింటిని. నల్లేరు మీద బండి నడకలా సాగిపోయింది. పెద్దకోడలు ఒక్కో మృగం పేరూ వింటూ, 'దీనికి నాకు ఎనిమిది రోజులు, దీనికి పదకొండు' అని మనసులో వేసుకునేది. చివరికి ఆమె చేయకూడని పని ఒకటి చేసింది.

"కత్తి వదిలెయ్. కొత్తవాళ్ళకి సుత్తే మంచిది" అని చెప్పింది. ఆ సుత్తి ఎంత బరువంటే, ఒకసారి ఎత్తితే దించేలోగా మృగం భోజనం కానిచ్చి చెయ్యి కడుక్కుంటుంది. "కవచం కూడా అప్పుడే వద్దు. ఒళ్ళు తేలిగ్గా ఉండాలి" అని కూడా చెప్పింది.

"అలాగే అక్కా" అని చిన్నకోడలు నమ్మింది. సుత్తి ఎత్తి, ఒంటిమీద గుడ్డముక్కలతో నల్లకొమ్ము ముందుకు వెళ్ళింది.

పెద్దకోడలు తెర వైపు వంగి చూసింది. నల్లకొమ్ము నేల దువ్వింది. చిన్నకోడలు దానికంటే ముందే సుత్తి ఎత్తి, అది వచ్చి ఆగే చోటు చూసుకుని దించింది. పదకొండు నిమిషాల్లో పని ముగిసింది. మొదటిసారికే. కేక లేదు, గెంతు లేదు. కంట్రోలర్ బల్లమీద పెట్టి, "అత్తయ్యా, టీ పెట్టనా?" అంది.

మరిది చప్పట్లు కొట్టాడు. "వదినా! నీ నలభై రెండు ఎక్కడ, మా ఆవిడ ఒకటి ఎక్కడ!"

పెద్దకోడలు నవ్వింది. నవ్వుతూనే పెరట్లోకి వెళ్ళి, ఉతికి ఆరేసిన బట్టల్ని తీసి మళ్ళీ ఉతికింది.

ఆ వారమంతా ఆమెకు కడుపులో కుంపటే. చిన్నకోడలు చెప్పులు వరసగా విప్పినా మంటే, పాల గిన్నె పొంగకుండా దించినా మంటే. భర్త అన్నం తింటూ "మా తమ్ముడి పెళ్ళాం చేతిలో ఏదో ఉందే" అన్నాడు. "ఉంది, పిల్లి గోకుడు" అని విసురుగా లేచిపోయింది. షాపులో ఒక పెద్దాయన కళ్ళజోడుకి అద్దం ఎనభై డిగ్రీల దగ్గర తిప్పి పెట్టాల్సింది, నూట ఎనభై దగ్గర పెట్టి కోసేసింది. "కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేదానికే కళ్ళు లేకపోతే ఎలా తల్లీ?" అన్నాడు ఓనరు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఆ ఆదివారం అత్తగారికి ఇంకో ముచ్చట పుట్టింది. "ఇద్దరూ కలిసి వెళ్ళండే. నా కోడళ్ళిద్దరూ ఒకే వేటలో ఉంటే చూడాలనుంది."

మరిది రెండో కంట్రోలర్ తగిలించాడు. తెర నిలువునా రెండు ముక్కలైంది. ఇద్దరూ కలిసి వెళ్ళినప్పుడు నియమం ఒకటుంది. ఇద్దరిలో ఎవరు పడ్డా సరే, మొత్తం మూడుసార్లు పడితే వేట పోయినట్టే.

మృగం దొరికింది. చిన్నకోడలు ఎప్పటిలాగే నిదానంగా పని మొదలుపెట్టింది. పది నిమిషాలకు మృగం కుంటడం మొదలైంది. ఇంకో రెండు దెబ్బలైతే చాలు. అత్తగారు కుర్చీ అంచుకు వచ్చి "శభాష్ చిన్నమ్మాయ్!" అంది.

పెద్దకోడలు మృగానికి ఎదురుగా వెళ్ళి నిలబడింది. అది తోకతో కొట్టింది. పడింది. లేచి వచ్చి మళ్ళీ నిలబడింది. మళ్ళీ పడింది. మూడోసారీ అంతే. తెర మీద వేట విఫలమైందని వచ్చింది.

"చూశారా అత్తయ్యా! దాన్ని తోలుకొచ్చి నామీదికే వదిలింది" అంది కంట్రోలర్ ఒళ్ళో పడేసి.

అత్తగారు చిన్నకోడలి వైపు తిరిగింది. "నువ్వొక్కదానివే ఉన్నట్టు ఆడితే ఎలా అమ్మాయ్? పక్కన అక్క ఉందిగా, కాస్త చూసుకోవద్దూ?"

చిన్నకోడలు ఒక్క క్షణం తోడికోడలి చేతుల వైపు చూసింది. తర్వాత "పొరపాటైంది అత్తయ్యా" అని లేచి లోపలికి వెళ్ళింది.

నిజం చెప్పాలంటే, ఆ పూట పెద్దకోడలికి హాయిగానే ఉంది. చాలా రోజుల తర్వాత అన్నం రుచిగా అనిపించింది.

మర్నాడు సాయంత్రం పెద్దకోడలు మేడమీద బట్టలు తీస్తుంటే చిన్నకోడలు వచ్చింది. దండెం రెండో చివర నుంచి ఒక్కో క్లిప్పూ తీస్తూ, గొంతు పెంచకుండా అంది. "మూడుసార్లూ మీరు కావాలనే నిలబడ్డారు కదక్కా?"

"నాకేం ఖర్మ!"

"మీ బొటనవేలు చూశాను. పక్కకు తప్పుకునే బటన్ మీంచి ఎత్తి గాల్లో పెట్టుకున్నారు. మూడుసార్లూ."

ఈ పిల్ల మృగాల్నే కాదు, మనుషుల్నీ అలాగే చూస్తుందన్నమాట. ఇక దాచి లాభం లేదని పెద్దకోడలికి అనిపించింది.

"అవును, కావాలనే. సుత్తి మంచిదని చెప్పింది కూడా కావాలనే. కవచం వద్దన్నదీ అందుకే. చాలా?"

చిన్నకోడలు చేతిలోని చొక్కా అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "సుత్తి సంగతి నాకు తెలీదు" అంది. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. "మీరు నేర్పుతున్నారనుకున్నాను."

"ఇంక నేను ఆడనులెండి. నాకు అంత సరదాగా కూడా లేదు" అంది చిన్నకోడలు.

దాంతో పెద్దకోడలికి మళ్ళీ ఒళ్ళు మండింది. "సరదాగా లేదా? నలభై ఒక్కసార్లు చచ్చి నేను సంపాదించుకున్నది నీకు మంచినీళ్ళప్రాయం. పైగా సరదాగా కూడా లేదా?"

"మంచినీళ్ళు తాగి ఎవరైనా కేకలు పెడతారా అక్కా?" చిన్నకోడలు గొంతు మొదటిసారి లేచింది. "మీరు నల్లకొమ్మును చంపిన రోజు పక్కింటావిడ కర్రతో వచ్చిందని ఈ ఇంట్లో ఇప్పటికి ఇరవైసార్లు విన్నాను. నాకూ అలాంటిదేదో వస్తుందని ఎదురుచూశాను. ఏమీ రాలేదు. అందుకే లేచి టీ పెట్టాను. పదిమందీ చెప్పుకునే సంతోషం నాకొక్కదానికే తగల్లేదంటే ఎలా ఉంటుందో మీకేం తెలుసు? అత్తయ్యైతే నా ఆట చూస్తూ కునుకు తీస్తారు. మీరెప్పుడూ అటు చూడలేదు."

నిజమే, పెద్దకోడలు అటు చూడలేదు. చిన్నకోడలు ఆడుతున్నంతసేపూ ఆమె కళ్ళు తెర మీదే ఉండేవి. ఎప్పుడు చస్తుందా అని.

ఆమె బట్టలు బుట్టలో పడేసి కిందికి దిగింది. అత్తగారు వంటింట్లో డబ్బాలు తుడుస్తోంది. గుమ్మం పట్టుకుని, "అత్తయ్యా, నిన్న నేను కావాలనే పడ్డాను. దాని తప్పేం లేదు" అంది.

అత్తగారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక డబ్బా కింద పెట్టింది.

"ఓడినవాళ్ళు ఆడలేక మద్దెల ఓడంటారని విన్నాను. గెలిచేదాన్ని చేతులారా చెడగొట్టి, ఆ పిల్ల మీదికి తోశావా? దీనికి సామెత కూడా లేదే! నేను ఊరికే నోరు పారేసుకున్నాను దానిమీద."

ఆమె మేడమెట్లెక్కి వెళ్ళింది. పైనుంచి మాటలు వినిపించాయి. "మనసులో పెట్టుకోకమ్మా, నాది బుద్ధి తక్కువ." అంత మెత్తగా ఆమె తనతో ఏనాడూ మాట్లాడలేదని పెద్దకోడలికి గుర్తొచ్చింది. తప్పు ఒప్పుకున్న ఆ క్షణంలో కూడా లోపల చురుక్కుమంది. తనమీద తనకే సిగ్గేసింది.

రెండు ఆదివారాలు అత్తగారు టీవీ గదిలోకి రాలేదు. మొదటి ఆదివారం పెద్దకోడలు ఒక్కతే కూర్చుని ఆడింది. ఒక మృగాన్ని చంపింది కూడా. చూశారా అని పక్కకు తిరిగితే కుర్చీ ఖాళీగా ఉంది. రెండో ఆదివారం టీవీ పెట్టనేలేదు. చిన్నకోడలు అవసరమైనంతవరకే 'అక్కా' అనేది. నిష్ఠూరమాడలేదు, దగ్గరికీ రాలేదు.

మూడో ఆదివారం పెద్దకోడలే వెళ్ళి పిలిచింది. "కొత్త మృగం ఒకటుంది. నాకు అంతు చిక్కడం లేదు. అది దూకేముందు ఏం చేస్తుందో కొంచెం చూసి చెబుతావా?"

అడగడం ఆమెకు చిన్నతనంగా అనిపించింది. అయినా అడిగింది.

చిన్నకోడలు కాసేపు ఆలోచించి వచ్చి కూర్చుంది. ఒక చావు చూసింది, రెండో చావు చూసింది. "రెక్క దించినప్పుడు..." అని మొదలుపెట్టింది.

"ఆగాగు, చెప్పకు!" అంది పెద్దకోడలు. "ఇంకో రెండుసార్లు చావనీ."

చిన్నకోడలు నవ్వాపుకోలేకపోయింది. ఆ నవ్వు విని అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఎవరినీ పలకరించకుండా కూర్చుని, ఐదు నిమిషాలకే "అటు కాదే, ఇటు!" అని మొదలుపెట్టింది. పెద్దకోడలు ఈసారి ఓరకంట చూసింది. అత్తగారి కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

చిన్నకోడలు మళ్ళీ ఆడలేదు. పక్కన కూర్చుని, అడిగితే చెప్పేది, లేకపోతే ఊరుకునేది. పూర్తిగా కలిసిపోయారని చెప్పలేం. కొన్నాళ్ళకు అత్తగారి చెల్లెలు చుట్టపుచూపుగా వచ్చి, పెద్దకోడలు ఆడుతుంటే చూస్తూ, "మీ ఇంట్లో ఈ ఆట ఎవరు బాగా ఆడతారే?" అని అడిగింది.

"చిన్నది బాగా ఆడుతుంది. పెద్దది ఎక్కువ ఆడుతుంది" అంది అత్తగారు తడుముకోకుండా.

పెద్దకోడలికి గుండెలో కలుక్కుమంది. ఆ పోటు పూర్తిగా పోయేది కాదని ఆమెకు ఇప్పుడు తెలుసు. లేచి వెళ్ళిపోవాలనిపించింది. వెళ్ళలేదు.

"అమ్మాయ్, దీని కాళ్ళు చూసి చెప్పు" అని చిన్నకోడలిని కేకేసి, పక్కకు జరిగి చోటిచ్చింది.