ఫ్రీజర్లో ఉమ్మి సీసాలు

కోడలు బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దుకాణంలో పనిచేస్తుంది. అత్తగారు మార్కెట్లో చేపలమ్ముతుంది. పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండలేదని కోడలు ఆసుపత్రికి వెళ్లింది.

"అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ అనే హార్మోను పెరగాలి. కొన్నాళ్లు తగ్గకుండా ఉండాలి. అప్పుడే గర్భం నిలుస్తుంది. అది ఉమ్మిలోనూ తెలుస్తుంది. రోజూ లేవగానే ఈ సీసాల్లో పట్టి ఫ్రీజర్లో ఉంచండి," అంది డాక్టరమ్మ.

కోడలు భర్తకు చెప్పింది, అత్తగారికి చెప్పలేదు. సీసాలను బఠానీల సంచి వెనక దాచింది.

వాటిని ల్యాబుకు తీసుకెళ్లాల్సిన రోజే, కోడలు పనికి వెళ్లాక ఇంటి దగ్గర కరెంటు పోయింది. ఆ సంగతి ఆమెకు దుకాణంలో తెలిసింది. కత్తెర బల్లమీద పడేసి ఇంటికి పరుగెత్తింది. ఫ్రీజరు తెరిచింది. బఠానీలున్నాయి, సీసాలు లేవు.

"వెతక్కు, ఇక్కడున్నాయి," అంది వెనక నుంచి అత్తగారు. పెరటి గుమ్మంలో చేపల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నిండా ఐసు, మధ్యలో ప్లాస్టిక్ కవరులో సీసాలు.

"మీకెలా తెలుసత్తయ్యా?"

"పొద్దున్నే నువ్వు సీసాలోకి ఉమ్ముతుంటే పిల్లకి మతి పోయిందేమో అనుకున్నా. మావాడి చెవి మెలిపెడితే అంతా కక్కేశాడు. నాకెందుకు చెప్పలేదే?"

"మీరు ఆశ పెట్టుకుంటారని."

"పెట్టుకుంటే అరిగిపోతానా? పద, ఐసు కరిగిపోతోంది."

ల్యాబులో పెట్టె మూత తీయగానే నర్సు ముక్కు మూసుకుంది. సీసాలు మాత్రం గడ్డకట్టే ఉన్నాయి.

ఫలితాలు వచ్చాక డాక్టరమ్మ అత్తాకోడళ్లిద్దరినీ కూర్చోబెట్టింది. "హార్మోను పెరుగుతోంది గానీ త్వరగా పడిపోతోంది. మందులు వాడి చూద్దాం."

మెట్లు దిగుతూ కోడలు కళ్లు తుడుచుకుంది. "లోపం నాలోనే ఉందత్తయ్యా."

"పోవే. ఒంట్లో ఏదో తగ్గితే అది నీ తప్పా? ఇన్నాళ్లూ ఒక్కదానివే మోశావు, అదే నీ తప్పు."

మందులు మొదలుపెట్టిన నెలలో ఏమీ కాలేదు. తర్వాతి నెలా అంతే. నెలసరి వచ్చిన రోజుల్లో అత్తగారు మార్కెట్టు మానేసి, ఏమీ అడగకుండా, కోడలి తల నిమురుతూ కూర్చునేది.

చలి మొదలయ్యాక ఒక ఉదయం కోడలు అత్తగారి చేతిని తన పొట్టమీద పెట్టుకుంది.

"ఏమే, కడుపునొప్పా?"

కోడలు నవ్వుతూ తల అడ్డంగా ఊపింది.