ఎర్రగీత దాటిన బండి

"వాకిట్లో బండి ఉండాది, ఎండ రాకముందే నాలుగు బిందెలు పోసి కడిగెయ్" అని చెప్పి రాజమోహన్ మళ్ళీ దుప్పటి ముసుగు పెట్టుకున్నాడు. ఆదివారం, ఇంకా ఆరు కూడా కాలేదు. అప్పటికే సుకుమారి ఇడ్లీలు పొయ్యి మీద పెట్టింది. అత్త మాలకొండమ్మకు పరగడుపున వేసే మాత్రలు గిన్నెలో తీసిపెట్టి, పక్కన చెంబుతో నీళ్ళు పెట్టింది. బండి కడగడానికి ఒకప్పుడు మనిషి ఉండేవాడు. అతను మానేసి రెండేళ్ళయింది. అతని బదులు ఇంకొకరిని పెట్టాలన్న మాట ఇంట్లో ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే ఆ తర్వాత కూడా బండి మురికిగా ఉన్న రోజు లేదు.

ఎత్తు చక్రాల జీపు. నిన్న శనివారం బెంగళూరు నుంచి వచ్చిన స్నేహితులతో రాజమోహన్ మూడు బండ్లు కట్టుకుని కొండల వైపు వెళ్ళాడు. మొన్నటి వానకు నేల నాని ఉంది కాబట్టి చక్రాల గాళ్ళన్నీ ఎర్రమట్టితో నిండిపోయాయి. సుకుమారి గొంతుక్కూర్చుని పుల్లతో మట్టి గీకింది. ముందు చక్రానికి పసుపు గుడ్డ పేలిక ఒకటి చుట్టుకుని ఉంది. దాన్ని లాగుతుంటే గాడిలో ఇరుక్కున్న పచ్చగాజు ముక్క వేలికి గుచ్చుకుంది. పేలికనూ ముక్కనూ చెత్తబుట్టలో పడేసి, వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి, మిగతా నీళ్ళు పోసింది. ఎర్రనీళ్ళు వీధి కాలవలోకి పోయాయి.

తొందరగా కానిస్తే తప్ప ఆమెకు ఆదివారం ఆదివారంలా ఉండదు. ఆరు నెలలుగా ఆదివారం పొద్దున మూడు గంటలు ఆమెవి. ఆ మూడు గంటల కోసం శనివారమంతా రెండింతలు చేస్తుంది. పిండి రుబ్బుకోవాలి, కూర తరిగి పెట్టుకోవాలి, మధ్యాహ్నానికి పప్పు నానబెట్టుకోవాలి. అంతా చేసి స్కూటీ తీసేటప్పుడు కూడా మాలకొండమ్మ అరుగు మీది నుంచి, "జీతం లేని పనికి ఇంత హడావిడేందమ్మే?" అంటుంది. జీతం లేని పని అనే మాట వినగానే సుకుమారికి ఒకే ఒక్క ఆలోచన వస్తుంది, దాన్ని బయటికి అనదు. ఇంట్లో పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్నదానికి అత్త ఆ పేరు ఎందుకు పెట్టలేదో అని.

ఆ ఆదివారం పని మొదలైంది ఆత్మకూరులో. టీచర్ల శిక్షణకు వెళ్ళినప్పుడు సరళ మేడం పరిచయమయ్యారు. జాగ్రఫీ లెక్చరరుగా రిటైరైన మనిషి. సెలవు రోజుల్లో ఎక్కడెక్కడి నుంచో జీపులూ మోటారుసైకిళ్ళూ ఉదయగిరి, ఆత్మకూరు మధ్య కొండల్లోకి వస్తున్నాయి, ఎక్కడ పడితే అక్కడ కొత్త దారులు పడుతున్నాయి, గట్లు తెగుతున్నాయి, గొర్రెలు బెదురుతున్నాయి అని ఆవిడ బాధ. రావద్దంటే వినేవాళ్ళు కాదు, కాబట్టి ఎక్కడికి రావచ్చో, ఎక్కడికి రాకూడదో చెప్పే పటం ఒకటి చేద్దాం, ఎవరి ఊరి బాటలు వాళ్ళు నడిచి రాయండి అన్నారు. పచ్చగీత అయితే బండి పోవచ్చు. పసుపుగీత అయితే భూమి గలవాళ్ళను అడిగి పోవాలి, వానల్లో పోకూడదు. ఎర్రగీత అయితే పోనే కూడదు. ఎర్రగీతలు జనానికిచ్చే పటంలో కనిపించవు, పని చేసే పన్నెండుమంది ఫోన్లలోనే ఉంటాయి. కనిపిస్తే అదే పనిగా అక్కడికే వచ్చేవాళ్ళుంటారని ఆవిడ ముందే చెప్పారు. ఇంకొక మాట కూడా చెప్పారు: "విన్నది రాయొద్దు. కంటితో చూసిందో, కాగితం మీద ఉన్నదో రాయండి."

సుకుమారి ఉదయగిరిలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతుంది. చెప్పేది సోషలైనా హెడ్మాస్టరు దృష్టిలో ఆమె పని పంద్రాగస్టుకు ముగ్గు వేయడం, అతిథులకు పూలగుత్తులు కట్టించడం, మీటింగులో టీ గ్లాసులు అందించడం. నీకేం తెలుసో చెప్పమని ఆమెను ఎవరూ అడగలేదు. తెలుసునన్న సంగతి ఆమే మర్చిపోయింది. చిన్నప్పుడు అవ్వ వెంట కట్టెలకు తిరిగిన బాటలన్నీ కాళ్ళలో అలాగే ఉన్నాయని మొదటి ఆదివారం నడిస్తే గాని తెలియలేదు. ఏ వాగు ఎక్కడ దాటాలో, ఏ మలుపులో సీతాఫలం చెట్లు మొదలవుతాయో కాళ్ళే చెప్పాయి. ఆ రోజు ఇంటికొచ్చి చెబితే రాజమోహన్ నవ్వి, వచ్చిపోయేవాళ్ళందరికీ చెప్పుకున్నాడు: "మా ఆవిడ బాటలకు ఆధార్ కార్డులిస్తా ఉండాది." అందరూ నవ్వారు. ఆమె కూడా టీలు ఇస్తూ నవ్వింది. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆమె గీసిన ఎర్రగీతల్లో ఒకటి చెరువు అవతలి గుడిసెల వెనక, కొండవాలులో ఉంది. చేపలు పట్టుకుని, కూలికి పోయి బతికే జనం తమవాళ్ళను పూడ్చుకునే చోటు అది. పేర్లు చెక్కిన రాళ్ళుండవు. వరసగా మట్టిదిబ్బలు, తలవైపు ఒక్కొక్క రాయి, అంతే. దూరం నుంచి చూస్తే బండ్లు ఎగిరించడానికి ఎవరో పేర్చిన దిబ్బల్లా ఉంటాయి. దీన్ని ఎర్రగా గియ్యమని అడిగింది శీనమ్మ అనే ముసలామె. "మా బిడ్డ ఆడ పణుకోనుండాది టీచరమ్మా. నిండు నెలల్లో పోయింది, కడుపులో బిడ్డతో పాటే. బండ్లు రాకుండా చూడు" అంది. ఆ కూతురి పేరు రజిత, ఒకప్పుడు సుకుమారి దగ్గరే ఆరో తరగతి చదివింది. సుకుమారి ఆ రోజు ఫోనులో గీత గీసి, కింద రాసింది: "సమాధులు. బండ్లు రాకూడదు."

ఈ ఆదివారం ఆమె వెళ్ళింది అక్కడికే. వానల తర్వాత గీతలన్నీ మళ్ళీ చూసి రావాలి, నెలకొకసారి పద్ధతి.

చెరువుకట్ట దిగుతుండగానే ఆడవాళ్ళు గుంపుగా నిలబడి కనిపించారు. ఎప్పుడూ దూరం నుంచే చెయ్యెత్తి పిలిచేవాళ్ళు ఈసారి పిలవలేదు. స్కూటీ ఆపి వాలు ఎక్కింది. ముందు ఆమెకు ఏమీ అర్థం కాలేదు. దిబ్బలుండాల్సిన చోట బురద ఉంది. లోతుగా చక్రాల గాళ్ళు పోయి, తిరిగి, మళ్ళీ వచ్చి, గుండ్రంగా చుట్లు చుట్లుగా ఉన్నాయి. తలరాళ్ళు రెండు విరిగి దొర్లి ఉన్నాయి. ఒక దిబ్బ నడుమ చక్రం దిగబడి గుంట పడితే, పైకి రావడానికి తుమ్మకొమ్మలు నరికి వేశారు. ఆ గుంట పక్కనే శీనమ్మ కూర్చుని, ఎవరివైపూ చూడకుండా చేత్తో మట్టి దగ్గరికి తోస్తోంది.

"పెద్దకర్మ నాడు తలకాడ పసుపుగుడ్డ కట్టినాను. దాని సీమంతం గాజులు ఆ గుడ్డలోనే పెట్టినాను" అంది శీనమ్మ, ఎవరో అడిగినట్టు. "గుడ్డా లేదు, గాజులూ లేవు."

సుకుమారి చూపుడువేలు చురుక్కుమంది. పొద్దున గాజుముక్క గుచ్చుకున్న చోటు. ఆమె ఆ వేలి వైపు చూసుకుంది. కడిగింది తనే. గొంతుక్కూర్చుని, పుల్లతో గీకి, నాలుగు బిందెలు పోసి కడిగింది. కాలవలోకి పోయిన ఎర్రనీళ్ళు కళ్ళముందు కదిలాయి. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఏదో అంటున్నారు, పెదవులు కదలడం కనిపిస్తోంది గాని వినపడటం లేదు. అలవాటున చేతులు వాటి పని అవి చేశాయి. సంచిలోంచి స్కేలు తీసి గాడి పక్కన పెట్టి ఫోటో తీసింది, వెడల్పు రాసుకుంది, విరిగిన రాళ్ళు లెక్కపెట్టింది. ఫోటోలు సగం మసకగా వచ్చాయి. మళ్ళీ తీసింది. శీనమ్మకు ఒక్కమాట చెప్పకుండా, చెప్పే ధైర్యం లేకుండా తిరిగి వచ్చేసింది.

ఇంటికి వచ్చేసరికి రాజమోహన్ ఇడ్లీ తింటూ ఫోను చూసుకుంటున్నాడు.

"నిన్న మీరు చెరువు అవతలికి పోయినారా?"

"పోయినాం. ఏం?"

"ఆడ బాట ఉన్నట్టు మీకెవురు చెప్పినారు?"

"నీ ఫోనే చెప్పింది, ఫోటో తీసుకున్నా" అని నవ్వాడు. "అన్నీ పచ్చగీతలే మాకెందుకు, నున్నటి రోడ్డు మీద తోలడానికి బెంగళూరు నుంచి వస్తారా? ఎర్రగీత గీసినావంటే ఆడేదో ఉండాదనే గదా." ఫోను ఆమె వైపు తిప్పాడు. వీడియో. జీపు దిబ్బ మీదికి ఎక్కి గాల్లోకి లేచి దబ్బున పడుతోంది, మగగొంతులు కేరింతలు కొడుతున్నాయి. ఆ కేరింతల మధ్య రాజమోహన్ గొంతు: "ఈ ట్రాకు మా ఆవిడ కనిపెట్టిందిరా. బండ్లు రాకూడదంట, ఇవి సమాధులంట. రాసిపెట్టింది చూడండి."

అతనికి తెలియదేమోనని దారి పొడుగునా ఆమె అనుకుంటూ వచ్చింది. కొండవాలు నుంచి ఇంటిదాకా ఆ ఒక్క ఆశనే పట్టుకుని బండి నడిపింది. తెలియక చేసి ఉంటే తిట్టొచ్చు, ఏడవొచ్చు, తీసుకెళ్ళి దణ్ణం పెట్టించొచ్చు అనుకుంది. చదివాడు. పైకి చదివి, నవ్వి, ఆ తర్వాత తోలాడు. పద్దెనిమిదేళ్ళుగా తను ఎవరికి మాత్రలు, మంచినీళ్ళు, ఉతికిన చొక్కాలు అందిస్తూ వచ్చిందో ఆ మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. అతను చట్నీ అద్దుకుంటున్నాడు.

"చదివినాక కూడా తోలినారా?"

"మట్టికుప్పల మీద పేరుండాదా, ఊరుండాదా? వానొస్తే అవే పోతాయి."

లోపలి నుంచి మాలకొండమ్మ వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. "పోనీలేమ్మే. ఓ మేకపోతును ఇప్పిస్తే వాళ్ళే సర్దుకుంటారు. మొగోడు తెలీక ఏదో చేస్తాడు, ఆడది కప్పెట్టుకోవాల. ఇంటి గుట్టు వీధిలో వేసుకుంటామా?"

సుకుమారి పెరట్లోకి వెళ్ళి చెత్తబుట్ట నేల మీద బోర్లించింది. ఇడ్లీ గుడ్డ పిండిన నీళ్ళలో నాని, టీపొడి అంటుకుని పేలిక దొరికింది. గాజుముక్క కూడా దొరికింది. రెండింటినీ కడిగి, కొత్త జేబురుమాలులో చుట్టింది. ఆ తర్వాత సరళ మేడానికి ఫోన్ చేసి అంతా చెప్పింది.

"రిపోర్టులో గుర్తు తెలియని వాహనం అని రాయి తల్లీ" అన్నారు ఆవిడ. "తప్పు పట్టను. ఆ ఇంట్లో బతకాల్సింది నువ్వు."

"నాకు గుర్తు తెలుసు గదా మేడం."

రాయడానికి కూర్చుంది. తేదీ, చోటు, నష్టం, బండి నంబరు రాసింది. యజమాని అన్న చోట రాజమోహన్ అని రాయబోయి ఆగింది. కాగితం చూడలేదు. జీపు తలుపు తీసి, ముందర అరలోని ప్లాస్టిక్ కవరులోంచి ఆర్సీ బయటికి లాగింది.

యజమాని: కె. సుకుమారి.

మూడుసార్లు చదివింది. నెల్లూరు షోరూములో మూడేళ్ళ క్రితం "ఇక్కడ, ఇక్కడ, ఈడ కూడా" అంటూ సంతకాలు పెట్టించుకోవడం గుర్తొచ్చింది. సాక్షి సంతకాలనుకుంది. ఎందుకని అడగలేదు. ఆమె పేరు మీద తీసుకుంటే కలిసొస్తుందని ఎవరో జ్యోతిష్కుడు చెప్పాడని తర్వాతెప్పుడో అత్త ఎవరితోనో అంటుంటే విని, అది ఏదో స్థలం సంగతి అనుకుంది. ఈ మూడేళ్ళలో ఆమె ఆ బండిలో ముందు సీట్లో కూర్చున్నది రెండుసార్లు. తన పేరు ఇంటి ముందు నిలబడి ఉంటే, రెండేళ్ళుగా దాన్నే కడుగుతూ వచ్చింది. రజిత మీదికి ఎక్కింది కూడా తన పేరే. ఆమె జీపు మెట్టు మీద అలాగే కూర్చుండిపోయింది. ఇడ్లీ గిన్నెలు తోమలేదని మాలకొండమ్మ రెండుసార్లు పిలిచింది. లేవలేదు.

సోమవారం స్కూలుకు సెలవు చెప్పి చెరువు అవతలికి వెళ్ళింది. శీనమ్మ చేతిలో జేబురుమాలు పెట్టి విప్పింది. "నిన్న పొద్దున మా ఇంట్లో బండి చక్రానికుంటే నేనే తీసి పారేసినానవ్వా. తెలీక కడిగేసినాను. బండి నా పేరు మీద ఉండాది. తోలింది మా ఆయన."

శీనమ్మ పేలికను వేళ్ళతో సాగదీసి చూసింది. చూస్తూనే అంది: "మేమంతా అనుకున్నాం టీచరమ్మా. ఆ గీత నువ్వు తప్ప ఎవురూ గియ్యలేదు, నువ్వే చెప్పినావేమోనని. నిన్న నువ్వు మాట్లాడకుండా పోతివే, ఇంక నిజమనుకున్నాం."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. సుకుమారి స్కూటీ తాళం తీసింది. "స్టేషనుకు పోదాం రా అవ్వా. నువ్వు చెప్పేది నువ్వు చెప్పు, నేను చూసింది నేను రాసిస్తాను." శీనమ్మ ఆమె మొహంలోకి చూసి, పేలికను కొంగున ముడివేసుకుని, స్కూటీ వెనక కూర్చుంది. నమ్మి కూర్చుందో, ఇంకెవరూ లేక కూర్చుందో సుకుమారికి తెలియలేదు. దారిలో ఆమె చెయ్యి సుకుమారి భుజం మీద పడలేదు, సీటునే పట్టుకుంది.

స్టేషనులో ఫోటోలు, కొలతలు, ఆర్సీ చూశారు. గీత కింద రాసింది రాజమోహన్ పైకి చదివిన వీడియో సంగతి కూడా రాసుకున్నారు. మధ్యాహ్నం ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి జీపు తీసుకెళ్ళారు. తాళాలు సుకుమారే తెచ్చి ఇచ్చింది. అరుగు మీద మాలకొండమ్మ, "అమ్మో, వాడొస్తే ఏం చెప్తావే" అంటూనే ఉంది.

రాజమోహన్ నాలుగింటికి వచ్చాడు. ఆత్మకూరులో ఎవరిదో నిశ్చితార్థానికి పోవాలని తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని చేతిలో పట్టుకుని ఉన్నాడు. ఖాళీ వాకిలి చూశాడు.

"బండేదీ?"

"స్టేషన్లో ఉండాది."

"ఎవురిచ్చినారు?"

"నేనే ఇచ్చినాను."

"నా బండి ఇయ్యడానికి నువ్వెవురు?"

సుకుమారి ఆర్సీ జెరాక్సు అతని ముందు పెట్టింది. అతను దాన్ని చూశాడు గాని చదవలేదు. చదవాల్సిన అవసరం అతనికి లేదు, అందులో ఏముందో మూడేళ్ళుగా తెలిసినవాడే. చొక్కా చేతిలోంచి కుర్చీ మీదికి జారింది.

"పేరుంటే? ఉత్త కాగితం అది."

"ఆ కాగితమే చూపించినాను. బండి నాదన్నాను, తోలింది మీరని రాసిచ్చినాను" అంది సుకుమారి. గొంతు ఆమె అనుకున్నదానికన్నా మామూలుగా వచ్చింది. "రేపు పదింటికి మిమ్మల్ని రమ్మన్నారు. నేనూ వస్తాను గాని మీతో రాను. శీనమ్మ తరపున సాక్షిని నేనే."