చొక్కా నీలం

మా ఆయన పోయినప్పుడు నేను ఏడవలేదు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుందని చుట్టాలు వంటింట్లో గుసగుసలాడుకున్నారు. నాకు వినబడుతూనే ఉంది, వాళ్ళ మీద కోపం కూడా రాలేదు. ఆయన చెల్లెలు చిట్టి మాతోనే ఉంటుంది. తర్వాత ఒకరోజు బీరువా తెరిచి, "అన్నయ్య బట్టలేం చేద్దాం వదినా?" అని అడిగింది. ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాను. అన్నీ ఇచ్చేసింది, నీలం చొక్కాతో సహా. అప్పుడూ నాకేమీ అనిపించలేదు. ఆ చొక్కా రంగు నా దగ్గర భద్రంగా ఉందని నా ధీమా. అది ఆఫీసు కంప్యూటర్లో ఉంది.

నేను ప్రింటింగ్ ప్రెస్సులో రంగులు చూసే మనిషిని. అందరూ రంగులక్క అంటారు. మా డిజిటల్ మిషనులో ఉండేవి నాలుగే సిరాలు: సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. కానీ కంపెనీలవాళ్ళు తమ రంగుకి ఒక పేరు పెట్టి పంపుతారు. పేరున్న ఆ రంగుని స్పాట్ కలర్ అంటాం. ఫైల్లో ఆ పేరు కనబడగానే సాఫ్ట్‌వేర్ తన పట్టిక తీసి, ఏ సిరా ఎంత కలపాలో చూసుకుని కలుపుతుంది. పట్టికలో అంకెలు సరిగ్గా ఉంటే రంగు సరిగ్గా వస్తుంది. లేదంటే పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఆ అంకెలు చూసుకోవడమే నా ఉద్యోగం.

ఆ పట్టికలో 'చొక్కా నీలం' అని ఒక రంగుంది. ఏ కంపెనీ రంగుల పుస్తకంలోనూ అది దొరకదు. మంచినీళ్ళ సీసాలు అమ్మే ఆయనొకడు మూడేళ్ళ కిందట లేబుళ్ళ కోసం మా దగ్గరికి వచ్చాడు. చూడగానే దాహం తీరినట్టుండే నీలం కావాలన్నాడు. పుస్తకంలో ఉన్న నీలాలన్నీ తిప్పి చూపించాను. ఒకటి మరీ ఆసుపత్రిలా ఉందట, ఇంకొకటి సబ్బులా ఉందట. నా ఓపిక అడుగంటుతుండగా మా ఆయన వచ్చారు. మా ప్రెస్సు వ్యానుకి ఆయనే డ్రైవరు. డెలివరీ కాగితం బల్లమీద పెట్టి వెనక్కి తిరిగారో లేదో, సీసాలాయన ఆయన వీపు వైపు వేలు చూపించి, "ఇదిగో, ఇదే నేను చెప్పేది" అన్నాడు.

రంగు కొలిచే మీటరు మా దగ్గర ఉంది. అరచేతిలో పట్టేంత డబ్బా. కొలవాల్సినదాని మీద ఆనించి మీట నొక్కితే రంగు అంకెలుగా మారి పట్టికలోకి వెళ్ళిపోతుంది.

"విప్పి ఇమ్మంటావా?" అన్నారు ఆయన.

"అక్కర్లేదు, అలాగే నిలబడండి" అన్నాను. బనీను వేసుకునే అలవాటు లేని మనిషి. అంతమంది ముందు చొక్కా విప్పిస్తే పోయేది నా పరువే.

వీపు మీద మూడుచోట్ల ఆనించి కొలిచాను. ఏళ్ళ తరబడి వ్యాను సీటుకి ఆనుకుని ఆ చొక్కా వీపు భాగమంతా అరిగి పలచబడింది. ఆయన మెలికలు తిరిగిపోతూ, "చక్కిలిగింతలు పెడుతోందయ్యా ఈ మిషను" అని సీసాలాయనతో చెప్పారు. అందరూ నవ్వారు. నేను కదలొద్దని కసిరాను. అలా పట్టికలోకి ఎక్కిన రంగు అది. పేరు మా ఓనరు పెట్టాడు.

ఆయన పోయాక నేను తొందరగానే పనిలోకి వెళ్ళాను. ఇంట్లో కూర్చున్నా అంతే, ఆఫీసులో కూర్చున్నా అంతే. అన్నం రుచి తెలియలేదు, నిద్ర పట్టిందో లేదో తెలియలేదు. ఎవరైనా జోకు వేస్తే, నవ్వాల్సిన చోటు గుర్తుపట్టి నవ్వేదాన్ని. ఒక్క సీసాల లేబుళ్ళు వచ్చినప్పుడు మాత్రం కుర్చీలో కొంచెం ముందుకి జరిగేదాన్ని. కానీ ఎప్పుడు అచ్చువేసినా ఆ నీలం మురికిగా వచ్చేది, చేతులు కడిగిన నీళ్ళలా. ఆయన చొక్కా నాకు తెలియదా? ఉతికింది నేను, ఆరేసింది నేను. మిషనే మొద్దుబారిందని నిర్ణయించుకున్నాను. నలుపు ఒక పాలు తగ్గించాను. తర్వాతిసారి పసుపు తగ్గించాను, సయాన్ పెంచాను. మీటరుతో సరిచూసుకోలేదు. నా కన్నుండగా మీటరు చెప్పేదేమిటని నా పొగరు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటారు, అలాగన్నమాట.

ఒకసారి ఆ లేబులు ఇంటికి తీసుకెళ్ళి చిట్టికి చూపించాను. "మీ అన్నయ్య చొక్కా రంగే" అన్నాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమో వదినా, నీకే తెలియాలి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. తనకేం తెలుసులే అనుకున్నాను.

ఒకరోజు సీసాలాయన రెండు సీసాలు తెచ్చి ఓనరు బల్లమీద పెట్టాడు. ఒకటి మొదటి లాటుది, ఒకటి మొన్నటిది. నన్ను పిలిచారు.

"రెండూ మావే. పక్కపక్కన పెడితే, కొత్తది నకిలీ సరుకని షాపువాళ్ళు తిరగ్గొడుతున్నారు. నేనేం చెప్పుకోవాలమ్మా?" అన్నాడు.

సీసాలు రెండూ చేతిలోకి తీసుకుని చూశాను. "తేడా ఏముంది? ఒకేలా ఉన్నాయిగా" అన్నాను.

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఓనరు నాకంటే చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. "అక్కా, ఒకసారి కళ్ళు చూపించుకోండి" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు: "వచ్చే లాటు లోపల ఇది తేలకపోతే ఆ రంగు పట్టికలోంచి తీసేద్దాం. పుస్తకంలోని నీలం ఏదో ఒకటి పెడదాం. మీరేమీ అనుకోవద్దు."

అనుకోవడానికి నాలో ఏమీ లేదు. కానీ ఆ రాత్రి కూర తరుగుతూ మధ్యలో ఆగిపోయాను. ఆ రంగు తీసేస్తే ఆయనది నా దగ్గర ఇంకేమీ ఉండదు. ఫోటోలున్నాయి గానీ, అన్నిట్లోనూ ఆయన పెళ్ళికి వెళ్తున్నట్టు బిగుసుకుని నిలబడ్డారు.

కళ్ళ డాక్టరు లైటు వేసి చూసింది. "రంగులు మురికిగా ఎప్పటినుంచి కనబడుతున్నాయి?"

"మా ఆయన పోయినప్పటినుంచి."

"ఈ శుక్లం అంతకు ముందునుంచే ఉందమ్మా. లోకమంతా మీకు టీ నీళ్ళలోంచి కనబడుతోంది. దుఃఖానికి నా దగ్గర మందు లేదు గానీ, దీనికి ఉంది."

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందనే సామెత నా మీదే తిరుగుతుందనుకోలేదు. ముందు కుడికంటికి ఆపరేషను చేశారు. కట్టు విప్పాక గోడ తెల్లగా ఉంది, డాక్టరు కోటు ఇంకా తెల్లగా ఉంది. ఎడమకన్ను మూస్తే ఉతికిన లోకం, కుడికన్ను మూస్తే ఉతకని లోకం. చిట్టి పక్కన నిలబడి, "ఎలా ఉంది వదినా?" అని ఆశగా అడిగింది. బాగానే ఉందన్నాను. రంగులన్నీ తిరిగొచ్చాయి. వాటితోపాటు వస్తుందనుకున్నది మాత్రం రాలేదు.

మళ్ళీ పనిలోకి వెళ్ళిన రోజున ముందుగా నేను దిద్దిన చొక్కా నీలాన్ని అచ్చువేశాను. బాత్రూములో పెట్టే ప్లాస్టిక్ బకెట్టు రంగు. అలాంటి చొక్కా ఆయన జన్మలో తొడగలేదు. నేను రోజూ తలుచుకుంటున్న మనిషికి అంతకాలంగా ఈ చొక్కా తొడిగానన్నమాట. సిగ్గేసింది.

మేము అంకెలు దిద్దినా సాఫ్ట్‌వేర్ మొదటి కొలతని పారెయ్యదు. దిద్దుబాట్లని పైన ఉంచి, మీటరు కొలిచినదాన్ని కింద అలాగే దాచుకుంటుంది. 'అసలు విలువకి మార్చు' అని ఒక బటన్ ఉంటుంది. ఇన్నాళ్ళూ దాని జోలికి పోలేదు. ఇప్పుడు నొక్కి, ఒక పెద్ద ముక్క అచ్చువేశాను. సీసాలాయన తెచ్చిన మొదటి లాటు సీసా పక్కన పెట్టి చూస్తే సరిగ్గా అదే. ఓనరు ఊపిరి పీల్చుకున్నాడు.

"మరి కొత్త కంటితో చూడండి" అన్నాడు. "నీలంలో ఏదో మట్టిరంగు ఉన్నట్టు లేదూ? సరుకు తిరగ్గొట్టనంత మేరకే, కాస్త ఆ మట్టి తీసేస్తే ఇంకా శుభ్రంగా ఉండదా?"

నిజమే. ఎడమకన్ను మూసుకుని చూశాను. మట్టిరంగు అలాగే ఉంది. అంటే అది నా శుక్లం కాదు, కాగితం మీదే ఉంది. అంకెలు చూశాను. అంత పలచటి నీలంలో అంత పసుపుకీ నలుపుకీ పనేమీ లేదు. మీటరు తప్పు కొలిచిందా అనుకున్నాను. మూడుసార్లూ ఒకేలా తప్పు కొలవదు.

పలచటి గుడ్డ కొలిచేటప్పుడు కింద తెల్లకాగితాలు దొంతిగా పెట్టాలి. ఈ పనిలో చేరిన మొదటివారంలో నేర్పే సంగతి. పెట్టకపోతే గుడ్డ కింద ఏది ఉంటే దాని రంగు కూడా కొలతలో కలుస్తుంది.

ఆ రోజు నేను కాగితాలు పెట్టలేదు. గుడ్డ కింద ఆయన వీపు ఉంది.

కుర్చీలో వెనక్కి వాలాను. అంటే అందులో పసుపు ఆయనది, నలుపు ఆయనది. చొక్కాని కాపాడుతున్నాననుకుంటూ, నేను ప్రతి లాటుకీ ఒక పాలు చొప్పున తగ్గించుకుంటూ వచ్చింది ఆయన్నే.

"తీసేద్దామా అక్కా?" ఓనరు మళ్ళీ అడిగాడు.

"వద్దు" అన్నాను. "సీసాలాయనకి కావలసింది ఇదే. ఇక దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు. నేను కూడా." ఆ రంగుకి తాళం వేసే సదుపాయం సాఫ్ట్‌వేర్లో ఉంది. ఓనరు చూస్తుండగానే వేశాను.

సాయంత్రం ఆ కాగితం ముక్క ఇంటికి తెచ్చి భోజనాల బల్లమీద పెట్టాను. ఏమీ చెప్పలేదు. కంచాలు సర్దుతున్న చిట్టి దాన్ని పక్కకి జరపబోయి ఆగింది.

"అన్నయ్య చొక్కా కదూ" అంది. కాసేపు చూసి, "కొంచెం మాసినట్టుంది" అంది.

"మాసిపోలేదే. అది మీ అన్నయ్య."

నాకు మతి చలించిందేమోనని కంగారుగా చూసింది. అందుకని కూర్చోబెట్టి, కొత్తగా పనిలో చేరినవాళ్ళకి చెప్పినట్టు, మామూలుగా చెప్పుకొచ్చాను. మీటరు ఎలా కొలుస్తుందో చెప్పాను. చొక్కా వీపు దగ్గర ఎలా అరిగిందో చెప్పాను. గుడ్డ పలచగా ఉన్నప్పుడు కింద తెల్లకాగితం పెట్టాలి, నేను పెట్టలేదు అని చెబుతుండగా గొంతు ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడే ఆగింది.